వెనక సీట్లో బ్రేకు ఉండదు

కిందటి వారం మన డ్రైవింగు మాస్టారమ్మ ఖాళీ రోడ్డు మీద బ్రేకు నొక్కిన దగ్గర ఆగాం. ఆగింది మనమే కాదు, కారు కూడా ఆగింది. ఆగనిదల్లా వెనక వస్తున్న పాల వ్యాను. దాని మూతి వచ్చి కారు వీపుకి గుద్దుకుంది. స్టీరింగు దగ్గర కూర్చుని బుద్ధిగా డ్రైవింగు నేర్చుకుంటున్న బ్యాంకావిడకి మణికట్టు విరిగింది.

డ్రైవింగు స్కూలు కారుకి బ్రేకులు రెండుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి దగ్గర, రెండోది పక్కన కూర్చుని నేర్పేవాళ్ళ కాలి దగ్గర. ఆ రెండో బ్రేకే మాస్టారమ్మకి ఇంతకాలం అన్నం పెట్టింది. అదే ఇప్పుడు కొంప ముంచింది. ఏం అడ్డొచ్చిందమ్మా అని పోలీసాయన అడిగితే ఆమె వెనక్కి తిరిగి ఖాళీ రోడ్డు వైపు చూసింది. మనిషి అడ్డం రాలేదు, బండి అడ్డం రాలేదు. అడ్డం వచ్చిందేమిటో ఆమెకే తెలియదు.

మర్నాడు పొద్దున్న స్కూలు షట్టరు సగమే లేచింది. లోపల గోడనిండా రోడ్డు గుర్తుల పటాలు. మలుపులు ఎలా తిరగాలో చూపించడానికి బల్ల మీద బొమ్మ కార్లు. ఆ బల్లకి అటువైపు నిలబడి ఉన్నది మాస్టారమ్మ వదిన, అంటే భర్తకి సొంత అక్క. స్కూలు ఆవిడదే. తండ్రి పోయిన తర్వాత ఒక్క పాత కారుతో మొదలుపెట్టి రెండు కార్లదాకా లాక్కొచ్చింది. ఆవిడ గొంతు విని షెడ్డులో మెకానిక్కులు చాటుగా హారనమ్మ అంటారు. ఎదురుగా అనగలిగినవాడు ఇంకా పుట్టలేదు.

“ఏం అడ్డొచ్చింది?” అంది వదిన.

“చెప్పాను కదా వదినా.”

“చెప్పలేదు. ఏడ్చావు. ఏడుపు జవాబు కాదు.”

“ఏదో అయిపోతుందనిపించింది. నొక్కేశాను.”

“ఏదో అంటే?”

“ఏమో. ఏదో.”

“విన్నావుట్రా?” అని తమ్ముడి వైపు తిరిగింది వదిన. “బండి వీపు విరిగింది, ఆవిడ చెయ్యి విరిగింది, మన పరువు రోడ్డున పడింది. ఎందుకమ్మా అంటే ఏదోనట! రవాణా ఆఫీసు ఇన్స్పెక్టరు పదకొండింటికి వస్తాడు. ఆయనకి కూడా ఇదే చెబుతుందట, ఏదో అని!”

మాస్టారమ్మ భర్త కౌంటరు వెనక రసీదు పుస్తకాలు సర్దుతున్నాడు. అవి సర్దే ఉన్నాయి. “అక్కా, కాస్త నెమ్మదిగా...” అన్నాడు.

“నువ్వూరుకో.”

ఊరుకున్నాడు. మంచివాడే పాపం. అక్కకీ భార్యకీ మధ్య మాటా మాటా పెరిగినప్పుడల్లా అతనికి సర్దాల్సిన పని ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మాస్టారమ్మ ఒంట్లో బాగాలేదన్నది ఇంట్లో కొత్త కబురేమీ కాదు. కొన్ని నెలలుగా ఆమెకి ఉత్తిపుణ్యాన గుండె దడదడలాడుతోంది. మెట్లెక్కితే దడ రావడం వేరు, కూర్చుని కూరగాయలు తరుగుతుంటే రావడం వేరు. చలిలో చెమటలు పడతాయి. గొంతులో ఏదో ఉండ అడ్డం పడ్డట్టు ఉంటుంది, నీళ్ళు తాగినా దిగదు. పాఠానికి బయల్దేరే ముందు కడుపులో గడబిడ. పక్క మీద వాలితే నిద్ర రాదు, తెల్లవారుతూ వచ్చిందంటే లేవబుద్ధి కాదు. గ్యాసు కట్టేశానా అని వంటింట్లోకి వెళ్ళి చూస్తుంది, చూసి వచ్చి కూర్చుంటుంది, మళ్ళీ లేస్తుంది. భర్త చెంచా కింద పడేస్తే అతని మీద విరుచుకుపడుతుంది, ఆ తర్వాత తనే కుమిలిపోతుంది.

దీనికి చుట్టూ ఉన్నవాళ్ళందరూ వైద్యం చెప్పేశారు. మన దగ్గర సలహాకి కరువేముంది? తల్లి ఫోన్లో రక్తం తక్కువంది. పక్కింటావిడ కళ్ళద్దాలు మార్చమంది. భర్త గ్యాసు మాత్రలు తెచ్చాడు. వదిన మాత్రం ఒకే ముక్క అంది, “పని ఎగ్గొట్టే రోగం.” ఎవరికి వారు తలో పేరు పెట్టి చేతులు దులుపుకున్నారు. లోలోపల మాస్టారమ్మ పెట్టుకున్న పేరు గుండెజబ్బు. ఏదో ఒక రోజు రోడ్డు మధ్యలో పోతాననీ, పోతూ పోతూ పక్కనున్నవాళ్ళని కూడా తీసుకుపోతాననీ ఆమెకి ఖాయంగా అనిపించేది. చివరికి ఎవరికీ చెప్పకుండా ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి గుండె పరీక్ష, రక్తపరీక్ష చేయించుకుంది. రిపోర్టులు వచ్చాక ఫోన్ చేస్తామన్నారు. పాఠం చెప్పేటప్పుడు సెల్‌ఫోను ముట్టకూడదన్నది వదిన పెట్టిన నియమం కాబట్టి చీటీలో ఇంటి నంబరు కింద స్కూలు నంబరు కూడా రాయించి, దీనికే చెయ్యమంది. ఆ ఫోను రాలేదు. చెప్పలేనంత చెడ్డ కబురు కాబోలు, అందుకే చెయ్యడం లేదని అనుకుని, అడగడానికి భయపడి ఊరుకుంది.

“చూడమ్మా,” అంది వదిన, బొమ్మ కారొకటి తీసి బల్ల మీద గట్టిగా పెట్టి. “నీ కార్డు ఇచ్చెయ్. కిందటి వారమే మానేశావని, నిన్న మాత్రం సాయానికి వెళ్ళావని ఇన్స్పెక్టరుకి చెబుదాం. స్కూలు మిగులుతుంది.”

“మరి నేను?”

“నువ్వు ఇంట్లో ఉంటావు. ఉంటే ఏమైంది? మునుపు ఉండలేదూ?”

ఉంది. మునుపు ఎలా ఉందో మాస్టారమ్మకి బాగా తెలుసు. డ్రైవింగు నేర్పే కార్డు మీద ఉన్న ఫోటో ఆమె దిగిన ఫోటోలన్నిటిలోకీ బాగా వచ్చింది. పెళ్ళి ఫోటోలో కూడా అంత ధీమాగా లేదు. రోడ్డంటే వణికిపోయిన ఆడవాళ్ళు ఆమె పక్కన కూర్చుని నేర్చుకుని, తర్వాత అదే రోడ్డులో హారన్ కొట్టి చెయ్యూపి వెళ్ళేవాళ్ళు. ఆ సీటు పోతే తనకంటూ ఇంకేమీ లేదు.

“నేను మానను,” అంది.

 వదిన గోడకున్న మేకు మీంచి రెండో కారు తాళం తీసింది.

“సరే. బాగానే ఉన్నానంటావు, అంతేగా? పద, తేల్చుకుందాం. నేను నడుపుతాను. మార్కెట్టు దాకా వెళ్ళి వచ్చేద్దాం. నోరెత్తకుండా, కాలు కదపకుండా కూర్చోగలిగావనుకో, మా మరదలంత టీచరు లేదని ఇన్స్పెక్టరుతో నేనే చెబుతా. కూర్చోలేకపోతే కార్డు నా చేతిలో పెట్టాలి.”

మాస్టారమ్మ బయటికొచ్చి, అలవాటు ప్రకారం ముందు తలుపు తీయబోయింది.

“అక్కడ కాదు. వెనక్కి ఎక్కు.”

“వెనకెందుకు?”

“వెనక సీట్లో బ్రేకు ఉండదు.”

భర్త షట్టరు కింద వంగి చూస్తూ నిలబడ్డాడు. వద్దనలేదు, వెళ్ళమనలేదు.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారే, ఆ ప్రయాణం అలా మొదలైంది. పిల్లలు తీయకుండా వెనక తలుపులకి వేసే లాకు వదిన ముందే వేసి ఉంచింది. లోపలి నుంచి తలుపు రాదు. సందు చివర మలుపు తిరిగేసరికే మాస్టారమ్మ కుడికాలు కారు నేలని తొక్కిపట్టింది. అక్కడ పెడలు లేదని తలకి తెలుసు, కాలికి తెలియదు.

“నొక్కుతున్నావా?” అంది వదిన. అద్దంలో ఆవిడ కళ్ళు కనిపిస్తున్నాయి. “నొక్కు, నొక్కు. నేలకి బొక్క పడితే ఆ రిపేరు కూడా నీ లెక్కలోనే రాస్తా.”

మాస్టారమ్మ కాలు వెనక్కి లాక్కుంది.

“ఇప్పుడు అరచేతులు తడిసిపోతున్నాయి. ఒళ్ళో బ్యాగుకి తుడుచుకుంటున్నావు.”

నిజంగానే తుడుచుకుంటోంది. చెయ్యి ఆపేసింది.

“నోరెండిపోయింది. మింగుదామంటే ఉమ్మి లేదు. ఇంకో మలుపు తిరిగేలోపు వేళ్ళ చివర చీమలు పాకినట్టుంటుంది. తర్వాత మూతి చుట్టూ. ఊపిరి అందడం లేదనిపిస్తుంది. అందుతూనే ఉంటుందిలే, నువ్వు అతిగా పీలుస్తావు, అంతే.”

ఎదురుగా ఒక స్కూటరు అడ్డదిడ్డంగా వచ్చింది. వదిన చివరి క్షణందాకా బ్రేకు వేయలేదు. వేయలేక కాదు, వేయకూడదని వేయలేదు. మాస్టారమ్మ ముందు సీటు వీపుని రెండు చేతులతో పట్టుకుంది. గుండె గొంతులో కొట్టుకుంటోంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. వదిన చెప్పిన వరసలోనే, చెప్పిన చోటే.

“ఆపండి వదినా.”

“కార్డు ఇస్తావా?”

“ఇవ్వను.”

“అయితే ఇంకా ఉంది, విను. ఇక రోడ్డు రోడ్డులా కనపడదు. టీవీలో ఎవరిదో రోడ్డు చూస్తున్నట్టుంటుంది. నీ చేతులు నీవి కానట్టుంటాయి. అక్కడి నుంచి ఇక మిగిలింది ఒక్కటే. చచ్చిపోతాననిపించడం. లేకపోతే పిచ్చెక్కిపోతుందనిపించడం.”

మాస్టారమ్మకి అప్పుడు ఒక్కసారి తల తేటపడింది. భయం పోలేదు, ఉన్న చోటే ఉంది. కానీ దాని పక్కనే ఇంకో ఆలోచన వచ్చి కూర్చుంది. టీవీలో చూస్తున్నట్టు ఉంటుందన్న మాట ఆమె ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. పిచ్చిదంటారని భర్తకి చెప్పలేదు. డాక్టరమ్మ అడిగితే కూడా దాచింది. మరి హారనమ్మకి ఎలా తెలిసింది?

అడిగేలోపే కారు ఆగింది. మార్కెట్టు రోడ్డు తవ్వేసి ఉంది. పైపుల గోతికి అవతల కానిస్టేబులు నిలబడి, వచ్చిన ప్రతి బండినీ వంతెన మీదికి మళ్ళిస్తున్నాడు. నది మీద పొడుగాటి వంతెన అది. ఎక్కితే మధ్యలో ఆగడానికి లేదు, తిరగడానికి లేదు.

“సందులోంచి పోనివ్వు బాబూ,” అంది వదిన అద్దం దించి.

“కుదరదమ్మా. పైకెళ్ళండి.”

“నాకు అటు పని లేదు.”

“పని లేకపోయినా వెళ్ళాల్సిందే. వెనక ఎన్ని బండ్లున్నాయో చూడండి.”

హారనమ్మ వంతెన ఎక్కదన్నది షెడ్డులో పాత జోకు. పెట్రోలు ఆదా అని ఆవిడే చెబుతుంది. చుట్టూ తిరిగి వెళ్తే పెట్రోలు ఎలా ఆదా అవుతుందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అందరూ పిసినారితనం అనుకున్నారు. మాస్టారమ్మ కూడా అలాగే అనుకుని నవ్వుకుంది ఇన్నాళ్ళూ.

వదిన గేరు వేసింది. కారు ఒక గంతు వేసి ఆగిపోయింది. మళ్ళీ తాళం తిప్పింది. మళ్ళీ గంతు, మళ్ళీ ఆగింది. క్లచ్చు ఒక్కసారిగా వదిలేస్తే అలా అవుతుంది. మొదటి రోజు వచ్చినవాళ్ళు చేసే తప్పు. ఆ తప్పు చేసినందుకు ఎంతమందిని వదిన ఏడిపించిందో లెక్కలేదు.

వెనక హారన్లు మొదలయ్యాయి. మాస్టారమ్మ అద్దంలోకి చూసింది. వదిన పైపెదవి మీద చెమట బొట్లు బొట్లుగా నిలిచింది. భుజాలు చెవుల దాకా లేచిపోయాయి. స్టీరింగు మీద వేళ్ళు తెల్లబడ్డాయి. గాలి చాలనట్టు ఆవులింతలు తీస్తోంది, నిద్ర ఆవులింతలు కావవి. కళ్ళు తలుపు పిడి మీదికి పోతున్నాయి, వస్తున్నాయి. నెలల తరబడి తన లోపలే ఉండి తనని తిన్న దాన్ని మాస్టారమ్మ మొదటిసారి బయట, ఇంకొకరి ఒంటి మీద చూసింది. చూడగానే పోల్చుకుంది. గుండెజబ్బు ఇలా ఉండదు. నాటకం అసలే ఇలా ఉండదు. ఇది అదే. తనదే.

“వదినా,” అంది. “మీక్కూడా ఉందా?”

దొంగకి తేలు కుట్టినట్టు వదిన కిక్కురుమనలేదు.

“ఊపిరి పీల్చకండి. వదలండి. మెల్లగా వదలండి.”

“నోర్ముయ్,” అంది వదిన. ఆ మాటలో హారను లేదు, గాలే ఉంది. “నన్ను ముట్టుకున్నావంటే చంపేస్తా.”

కానిస్టేబులు వచ్చి బానెట్టు మీద లాఠీతో కొట్టాడు. మాస్టారమ్మ వెనక అద్దం దించి, చెయ్యి బయటికి పెట్టి, బయటి పిడి లాగి తలుపు తీసుకుంది. దిగి ముందు తలుపు తెరిచింది.

“పక్కకి జరగండి.”

“జరగను.”

“ఇక్కడే కూర్చుంటారా? కూర్చోండి. అందరూ వచ్చి చూస్తారు, స్కూలు పేరు కారు మీద ఇంత పెద్ద అక్షరాలతో ఉంది.”

వదిన జరిగింది. గేరు కడ్డీ మీంచి కాళ్ళు ఎత్తి వేసుకుంటూ, తిట్టుకుంటూ, పక్క సీట్లో పడింది. మాస్టారమ్మ స్టీరింగు పట్టుకుంది. స్టీరింగు తన చేతిలో ఉంటే ఆమెకి ఏమీ కాదు, ఇంకొకరి చేతిలో ఉంటేనే చావు. ఎందుకలాగో ఆ పూటకి ఆమెకి తెలియదు. కారుని వంతెన ఎక్కించింది. నది దాటినంతసేపూ వదిన కళ్ళు మూసుకుని ఏవో అంకెలు గొణుగుతూనే ఉంది.

అవతలి ఒడ్డున మూసేసిన గోదాము ముందు కారు ఆపింది. ఇంజను కట్టేసింది. వదిన మొహం తుడుచుకుంది. తుడుచుకోవడం అయ్యేసరికి మొహం మళ్ళీ పాత మొహం అయింది.

“ఇది ఎవరితోనైనా అన్నావో...”

“మీకెలా తెలుసు, నాక్కూడా ఇదేనని?” అంది మాస్టారమ్మ.

“చూస్తే తెలీదూ?”

“తెలీదు. పని ఎగ్గొట్టే రోగమన్నారు మీరే. ఇప్పుడు వరస తప్పకుండా చెప్పారు. టీవీలో చూసినట్టుంటుందని కూడా చెప్పారు.”

వదిన కిటికీలోంచి గోదాము తాళం వైపు చూసింది.

“డాక్టరమ్మ ఫోన్ చేసింది,” అంది.

“ఏ డాక్టరమ్మ?”

“నీ డాక్టరమ్మే. నా డాక్టరమ్మ కూడా ఆవిడే. ఏళ్ళ కిందట నేను వెళ్ళాను. నాకేం చెప్పిందో నీకూ అదే. గుండె శుభ్రంగా ఉంది, రక్తం బాగుంది, ఇది ఆందోళన, వచ్చి మాట్లాడమనండి, తగ్గిపోయే జబ్బే అంది.”

“ఆందోళనా?” అంది మాస్టారమ్మ. ఆమెకి ఆ మాట పేపర్లో చదివి తెలుసు. జీతాలు పెంచమని కార్మికులు ఆందోళన చేస్తారు, నీళ్ళు రాలేదని వీధివాళ్ళు బిందెలు పట్టుకుని ఆందోళన చేస్తారు. “నా ఒంట్లో ఆందోళన ఎవరు చేస్తారు?”

“నేనూ అదే అడిగాను ఆవిణ్ణి,” అంది వదిన. ఆ ఒక్క క్షణం ఇద్దరికీ నవ్వు రావాల్సింది. రాలేదు.

“ఫోన్ ఎప్పుడొచ్చింది?”

“వచ్చింది.”

“ఎప్పుడు వదినా?”

“నువ్వు పరీక్షలు చేయించుకున్న వారంలోనే. నీకు తగ్గిపోయిందనీ, ఇక ఫోన్ చెయ్యొద్దనీ చెప్పాను.”

మాస్టారమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమైన తర్వాత ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

“నేను చచ్చిపోతున్నానని ప్రతి రాత్రీ రోజులు లెక్కపెట్టుకున్నాను. నేను పోతే ఆయనకి వంట ఎలాగని కూర పొడులు కొట్టి సీసాల్లో పోసి పెట్టాను. మీరు చూశారు. ఎందుకమ్మా ఇన్ని పొడులని అడిగారు కూడా! నా గుండె శుభ్రంగా ఉందని అప్పటికే మీకు తెలుసు.”

“నీ జబ్బు పేరు బయటికొస్తే స్కూలుకి ఎవరొస్తారు? పిచ్చిది డ్రైవింగు నేర్పుతోందంటారు.”

“మీక్కూడా పిచ్చేనా?”

“నేను వంతెన ఎక్కను, అంతే! ఎక్కకపోతే నాకేం కాదు. ఇన్నేళ్ళు అలాగే గడిపాను, చావలేదు. నువ్వూ నీకు పడనిదేదో చూసుకుని అది మానుకుంటావనుకున్నా.”

“నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టింది మీరు. తెలిసి కూర్చోబెట్టారు. బ్యాంకావిడ చెయ్యి నా వల్ల విరగలేదు వదినా. మీ వల్ల విరిగింది.”

వదిన చెయ్యి లేచింది. కొడుతుందనే అనుకుంది మాస్టారమ్మ. కొట్టలేదు. ఆ చెయ్యి దారిలోనే మనసు మార్చుకుని సీటు బెల్టు లాగి పెట్టుకుంది.

“పద,” అంది. “ఇన్స్పెక్టరు వచ్చే వేళయింది. కుక్క అడ్డొచ్చిందని చెప్పు. కుక్కయితే సాక్ష్యం అడగరు. నీ కార్డు నీ దగ్గరే ఉంటుంది, నా స్కూలు నా దగ్గరే ఉంటుంది. మిగతాది తర్వాత తిట్టుకుందాం.”

తిరుగుదారిలో కూడా మాస్టారమ్మే నడిపింది. రెండు గొంతుల నిండా తిట్లున్నాయి, ఏది ముందు బయటికి తియ్యాలో తెలియలేదు. మళ్ళీ అదే వంతెన దాటాలి. వదిన మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఈసారి మాస్టారమ్మ అటు చూడలేదు.

వాళ్ళు వెళ్ళేసరికి షట్టరు పూర్తిగా లేచి ఉంది. రవాణా ఆఫీసు ఇన్స్పెక్టరు బల్ల దగ్గర కూర్చుని బొమ్మ కార్లని వరసలో పెడుతున్నాడు. సన్నగా, నీరసంగా ఉన్నాడు. పొద్దున్నుంచి అబద్ధాలు విని విసిగిపోయిన మొహం. భర్త ఆయనకి మంచినీళ్ళు పోస్తున్నాడు.

“రండమ్మా. విరిగిన బండి చూసొచ్చాను. రెండో బ్రేకు బ్రహ్మాండంగా పనిచేస్తోంది, అదే కదా గొడవ! ఒక్క ప్రశ్న అడిగి వెళ్ళిపోతాను. అంత గట్టిగా ఎందుకు నొక్కారు?”

“కుక్కండీ,” అంది వదిన గుమ్మంలోంచే. “గోధుమరంగు కుక్క. ఉన్నట్టుండి...”

“మీరు కారులో ఉన్నారా?”

“లేను.”

“మరి రంగు మీకెలా తెలుసు? ఆవిణ్ణి చెప్పనివ్వండి.”

మాస్టారమ్మ బల్ల పట్టుకుని నిలబడింది. కుక్క అంటే చాలు. రెండక్షరాలు. కార్డు మిగులుతుంది, సీటు మిగులుతుంది. రేపు ఇంకో ఆవిడ వచ్చి ఆమె పక్కన కూర్చుంటుంది, ఆమెని నమ్మి గేరు వేస్తుంది. ఆ ఆవిడ చెయ్యే విరుగుతుందో, మెడే విరుగుతుందో. గుండె మళ్ళీ మొదలెట్టింది. కొట్టుకో, అనుకుంది మాస్టారమ్మ. నువ్వెవరో నాకిప్పుడు తెలుసు. నీతో చావను.

“కుక్క లేదండీ,” అంది. “రోడ్డు ఖాళీ. నాకు ఆందోళన జబ్బు ఉందట. ఇవాళ్టిదాకా నాకు తెలీదు. తగ్గించుకునేదాకా నేను ఆ సీట్లో కూర్చోను.” బ్యాగులోంచి కార్డు తీసి బొమ్మ కార్ల పక్కన పెట్టింది. తీస్తున్నప్పుడు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు.

వదిన గోడకి ఆనుకుంది. “దానికి మతిపోయింది,” అంది. ఎవరూ ఆవిడ వైపు చూడలేదు.

ఇన్స్పెక్టరు కార్డు తిప్పి చూశాడు. కుక్కలకి అలవాటుపడ్డ మనిషి, నిజం చేతిలో పడేసరికి ఏం చెయ్యాలో తోచనట్టు కార్డు మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

“ఇవాళ్టిదాకా తెలీదంటున్నారు. సరే, మీకు తెలీదు. జబ్బున్న మనిషిని తెలిసి కూర్చోబెట్టారంటే మాత్రం స్కూలు మూయించాల్సి ఉంటుంది. అందుకే అడుగుతున్నాను. ఇక్కడ ఇంకెవరికైనా తెలుసా?”

మాస్టారమ్మ వదిన వైపు తిరిగింది. చెబితే ఇప్పుడే చెప్పాలి. వదిన కళ్ళల్లో వంతెన దగ్గరి చూపు మళ్ళీ కనిపించింది. బతిమాలడం చేతకాని మనిషి, బతిమాలడానికి ఎలా నిలబడాలో కూడా తెలియక నిలబడింది. మాస్టారమ్మ నోరు తెరిచింది.

“నాకు తెలుసండీ,” అన్న మాట వినిపించింది.

అన్నది ఆమె కాదు, వదినా కాదు. కౌంటరు వెనక, చేతిలో నీళ్ళ జగ్గుతో నిలబడి ఉన్న భర్త.

అక్కని కాపాడుకోవడానికి నెత్తిన వేసుకుంటున్నాడనే అనుకుంది మాస్టారమ్మ. కానీ వదిన మొహం చూస్తే ఆవిడకి మతిపోయినట్టే ఉంది.

“నీకా? నీకెవరు చెప్పార్రా?”

అతను అక్కకి జవాబివ్వలేదు. భార్య వైపు కూడా చూడలేదు. జగ్గులో నీళ్ళ వైపు చూస్తూ అన్నాడు.

“స్కూలుకి చేసే ముందు డాక్టరమ్మ ఇంటికే చేసింది. నేనే ఎత్తాను.”

మాస్టారమ్మ గుండె అదిరిపడుతుందని ఎదురుచూసింది. అదరలేదు. అరచేతులు పొడిగా ఉన్నాయి. ఊపిరి నిండుగా అందుతోంది. తలలో ప్రతి వస్తువూ ఉన్న చోట ఉన్నట్టు స్పష్టంగా ఉంది. ఇది ఆందోళన కాదు, కోపం. ఆ రెండిటికీ తేడా ఆమెకి ఆ పూటే తెలిసింది.

ఆమె ఇన్స్పెక్టరుని దాటుకుని, వదినని దాటుకుని కౌంటరు దగ్గరికి నడిచింది. భర్త చేతిలోంచి జగ్గు తీసి పక్కన పెట్టింది.

“ఎందుకు చెప్పలేదు?” అని అడిగింది. “నా మొహం చూసి చెప్పు.”